నయమాను కథలో నేను ఆగిపోయిన చోటు

పోయిన నెల మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది. సంఘంలో బైబిల్ స్త్రీగా కొత్తగా చేరిందట. చేతిలో సన్నటి పుస్తకం ఒకటి ఉంది. కొత్త విశ్వాసులు అడిగే ప్రశ్నలు, వాటికి మనం చెప్పాల్సిన జవాబులు అందులో వరుసగా అచ్చువేశారు. బట్టీ పట్టమన్నారట.

"ఇందులో లేనిది అడిగితే ఏం చెప్పాలమ్మగారూ?" అంది.

"మీవాళ్ళేం చెప్పమన్నారు?"

"ప్రార్థన చేసుకోమని చెప్పి మాట మార్చెయ్యమన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను బైబిల్ స్త్రీగా చేరినప్పుడూ ఇదే చెప్పారు. అప్పుడు నోటితో చెప్పారు, ఇప్పుడు అచ్చువేసి ఇస్తున్నారు, అంతే తేడా. ఆ అమ్మాయికి టీ ఇచ్చి పంపించాను గానీ వారమైనా కోపం దిగలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నేను ఎన్ని ఊళ్ళు తిరిగానో, రిటైరైన రోజున ఎవరు శాలువా కప్పారో ఇందులో వెతక్కండి.

పొయ్యి దాకా వెళ్ళేది మనం

బైబిల్ స్త్రీ అంటే సంఘం పెట్టుకున్న మనిషి. ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, కథ చెప్పి, వాక్యం చదివి, ప్రార్థన చేసి రావాలి. పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. అయ్యగారు వీధి అరుగు దాకా వస్తారు. పొయ్యి దాకా వెళ్ళేది మనం. అందుకే అసలు ప్రశ్నలన్నీ మనకే వస్తాయి. ఆయన ముందు తల ఊపిన మనిషే, ఆయన బండి మలుపు తిరగగానే మన కొంగు పట్టుకుంటుంది.

రావికమతం దగ్గర ఒక ఊళ్ళో, యేసు ప్రభువు అంజూరపు చెట్టును శపించిన భాగం చెప్పాను. ఆకలేసి చెట్టు దగ్గరికి వెళ్ళాడు, పళ్ళు లేవు, శపించాడు, చెట్టు ఎండిపోయింది. అది పళ్ళ కాలం కాదని కూడా అక్కడే రాసి ఉంది. జీడిపిక్కలు ఏరుకుంటూ వింటున్న ఒకావిడ చెయ్యి ఆపింది.

"కాపు కాలం కాకపోతే సెట్టేటి సేత్తాదమ్మా? వానాకాలంలో నాను జీడిసెట్టు కాడికెల్లి, పిక్కల్నేవేటే అని తిడితే మా ఆయన నన్ను ఆస్పటల్‌కి తీసుకెల్తాడు."

అందరూ నవ్వారు. "దేవుణ్ణి అలా అడక్కూడదు" అన్నాను. ఆవిడ మళ్ళీ పిక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఆ తరవాత నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఆ రోజు నేను నెగ్గాననే అనుకున్నాను.

ఆ ప్రశ్న వెయ్యాలంటే కథను మనసుపెట్టి వినాలి. వినని వాళ్ళు ప్రశ్నలు వెయ్యరు, ఆవులిస్తారు. కుదురుగా విన్న ఒక్క మనిషి నోరు నేను మూయించాను. దానికి నాకు మంచి పేరు కూడా వచ్చింది.

నా చదువు

ముప్పై ఏళ్ళకు నేను బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటికి వేలిముద్రే. సుగుణమ్మగారని పెద్ద బైబిల్ స్త్రీ ఉండేవారు. ఆవిడ సంచీ, బొమ్మల చుట్టా మోసుకుంటూ వెనకాల తిరిగేదాన్ని. గుడ్డ మీద అంటించిన రంగు బొమ్మలు అవి. గోడకు వేలాడదీసి ఒక్కొక్కటీ తిప్పుతూ కథ చెప్పేవారు. పదేళ్ళు విన్నాను. ఏ కథలో ఆవిడ ఎక్కడ ఆగి దగ్గుతారో కూడా నాకు వచ్చేసింది.

ఆవిడ మానేసినప్పుడు ఆ పని నాకిస్తామన్నారు, కానీ చదువు రావాలన్నారు. సంఘం హాస్టల్లో ఆరో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నాలయ్యాక నాచేత అక్షరాలు దిద్దించారు. గుణింతాలు అయ్యాక బైబిలే చేతికిచ్చారు. నేను నాకు వచ్చిన కథలే తీసేదాన్ని. మొదటి మాట పట్టుకుంటే చాలు, మిగతాదంతా నోట్లోనే ఉంది. వేలు గీత మీద నడిచేది, కళ్ళు ఊరికే దాని వెంట పోయేవి.

"ఏటమ్మా, మూడు నెలల్లో ఇంత గడగడా సదివేత్తన్నారు!" అని పిల్లలు నోళ్ళు తెరిచారు. పరీక్ష పెట్టిన అయ్యగారూ మెచ్చుకున్నారు. నేను కూడా చదువుతున్నాననే అనుకున్నాను.

రాని భాగం తీస్తే నత్తి వచ్చేది. సిగ్గేసి అలాంటివి తియ్యడమే మానేశాను. అంటే పదకొండేళ్ళు ఒళ్ళో బైబిల్ పెట్టుకుని నేను చదివింది సుగుణమ్మగారి గొంతును. బొమ్మల చుట్ట ఎక్కడ ఆగితే నా బైబిలూ అక్కడే ఆగింది.

సుగుణమ్మగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక్క పాడు అలవాటు ఆవిడ దగ్గరే అంటింది. "తెలీదని ఒక్కసారి అన్నావంటే రెండోసారి గుమ్మం ఎక్కనివ్వరే" అనేవారు. నమ్మాను. తెలియని చోట కల్పించడం నేర్చుకున్నాను.

నూకరత్నం అడిగింది

తుమ్మపాలలో నూకరత్నం అనే కోడలు ఉండేది. ఏడో తరగతి చదివింది. భర్త బెల్లం లారీలకు లోడు ఎత్తేవాడు. అతన్ని ఒప్పించుకున్నాకే బాప్తిస్మం తీసుకుంది. అత్త అప్పలనరసమ్మకు రెండు కళ్ళూ కనబడవు. కోడలు మా మతంలోకి వస్తానంటే ఆవిడ అడ్డు చెప్పలేదు. "ఏ దేవుడి కాడికైనా ఎల్లవే, పొద్దున్నే నా గంజి మట్టుకు మర్సిపోకు" అందట. పెరట్లోకి వెళ్ళినా, చెరకు తోట గట్టు మీదికి వెళ్ళినా కోడలి ఎడమ మోచెయ్యి పట్టుకునే నడిచేది.

ఒక మధ్యాహ్నం నేను నూకరత్నానికి నయమాను కథ చెప్పాను. నయమాను సిరియా రాజు దగ్గర సైన్యాధిపతి. కుష్ఠురోగి. ఎలీషా ప్రవక్త చెప్పాడని యొర్దాను నదిలో ఏడు మునకలు వేశాడు. ఒళ్ళు పసిబిడ్డ ఒళ్ళులా అయిపోయింది. ఇక మీదట ఈ దేవుణ్ణే కొలుస్తానన్నాడు. నా కథ అంతే.

"ఇంటికెల్లేక ఏం సేసేడమ్మా?" అంది నూకరత్నం.

"ఎవరు?"

"అదే, నయమాను. ఆ దేశంలో అందరికీ ఏరే దేవుడు కదా. మల్లీ ఆ రాజు కాడికే కదా కొలువుకెల్లాల. ఈయనొక్కడూ ఎలా నెగ్గుకొచ్చేడు?"

బొమ్మల చుట్టలో నయమాను నవ్వుతూ నీళ్ళలోంచి లేచాక ఇంక బొమ్మ లేదు. తెలీదనాలి. అనలేదు.

"రాజు ముందు నిలబడి, నీ గుడికి నాను రానని సెప్పేసేడు" అన్నాను. ఆ మాట బైబిల్లో ఎక్కడా లేదు. నా నోట్లో పుట్టింది.

అప్పుడు ఆ పిల్ల అసలు సంగతి అడిగింది.

"వచ్చే అమాసకి మా అత్త అమ్మోరి గుడికెల్తానంటంది. నాను దణ్ణం ఎట్టనమ్మా. నోటితో ఏటీ అనను. కానీ ఆవిడ నా సెయ్యట్టుకుని ఒంగుతాది. ఆవిడ ఒంగితే నానూ ఒంగాల, నేపోతే పడిపోద్ది. అది పాపమేటమ్మా?"

ఇంత తిన్నని ప్రశ్న నా సర్వీసులో ఇంకొకటి వినలేదు.

"పాపమే. నయమానులాగ నిలబడు" అన్నాను.

నాకే ఎక్కడో తొలిచి, తిరిగొచ్చాక అయ్యగారిని అడిగాను. "సరిగ్గా చెప్పావు. గడప తొక్కితే ప్రభువు బల్లకు దూరం పెట్టాల్సి వస్తుందని కూడా చెప్పు" అన్నారు. ప్రభువు బల్ల అంటే ఆదివారం మా గుడిలో అందరూ కలిసి రొట్టె తీసుకోవడం. మర్నాడు వెళ్ళి అదీ చెప్పాను.

అమావాస్యనాడు అప్పలనరసమ్మ స్నానం చేసి కొత్త చీర కట్టుకుని గుమ్మంలో చెయ్యి చాపి నిలబడింది. నూకరత్నం రానంది. కొడుకు లోడు మీద ఉన్నాడు. ముసలావిడ పక్కింటి ఆడవాళ్ళతో షేర్ ఆటో ఎక్కింది. గుడి మెట్ల మీద తోపులాటలో వాళ్ళు పట్టుకున్న చెయ్యి జారిపోయింది. ఆవిడ పడింది. తుంటి ఎముక విరిగింది.

విశాఖలో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చారు. పక్క మార్చడానికి నూకరత్నం వంగితే ఆవిడ తోసేసింది. "కావల్సినప్పుడు నేని సెయ్యి ఇప్పుడెందుకే? ముట్టుకోకు నన్ను." వారం చూసి భర్త నూకరత్నాన్ని రావికమతం దగ్గర పుట్టింట్లో దింపేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. "నిన్ను ముట్టుకోనంటంది. మా అమ్మని ఎక్కడ ఒదిలెయ్యను?" అన్నాడట.

ఆ ఆదివారం మా గుడిలో, విశ్వాసం కోసం ఇల్లు విడిచిన సహోదరి అని నూకరత్నం గురించి చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఇల్లు విడవలేదు. నా అబద్ధం వల్ల ఇంట్లోంచి పోయింది. అది అబద్ధమని నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నేనూ చప్పట్లు కొట్టాను.

వేలు పెట్టిన చోట

రెండు నెలలకు ఆ పిల్లను చూడ్డానికి వెళ్ళాను. ఓదార్పు మాటలు దారంతా కూడబెట్టుకున్నాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. బైబిల్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఒక గీత కింద వేలు పెట్టింది.

"సదవండమ్మా."

పేజీ చూడగానే గుర్తుపట్టాను. రాజుల రెండో గ్రంథం, అయిదో అధ్యాయం. "సిరియా రాజు సైన్యాధిపతి…" అని ఎత్తుకున్నాను.

"అక్కడ కాదు. నా ఏలు కాడ."

నోట్లో ఏమీ లేదు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. పక్కింటి ఆవిడ వచ్చి నిలబడి చూస్తోంది. ఆ నాలుగు గీతలకు నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

బాగయ్యాక నయమాను ప్రవక్తను ఒక్కటే అడిగాడు. మా రాజు తన దేవుడి గుడికి వెళ్ళినప్పుడు నా చెయ్యి మీద ఆనుకుంటాడు, ఆయన వంగితే నేనూ వంగాల్సి వస్తుంది, దాన్ని దేవుడు నాకు క్షమించాలి అన్నాడు. ప్రవక్త కోప్పడలేదు. నెమ్మదిగా వెళ్ళిరమ్మన్నాడు.

నూకరత్నం అడిగిందీ అదే. చెయ్యి, ఆనుకోవడం, వంగడం, అన్నీ అవే. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఒక మగవాడు అడిగితే మంచి మాట దొరికింది. తుమ్మపాలలో ఒక ఆడపిల్ల అడిగితే నేను దొరికాను.

"తిట్టనేదు కదమ్మా" అంది.

"నేదు."

"పాపమని అననేదు కదా."

"అననేదు."

"మరి మీరు సదవనేదా, దాసేరా?"

చదవలేదంటే పదకొండేళ్ళ నా ఉద్యోగం అబద్ధం. దాచానంటే నేనే అబద్ధం. సంచీ తీసుకుని లేచి వచ్చేశాను. నా మీద నాకున్న కోపంలో పెద్ద వాటా ఆ లేచి రావడానిదే.

అయ్యగారు

తిన్నగా అయ్యగారి దగ్గరికే వెళ్ళాను.

"ఈ మాట మీకు తెలుసా?"

చూశారు. "తెలుసు."

"ఆ రోజు నేనొచ్చి అడిగినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసమ్మా. అది పెద్దవాళ్ళకు పెట్టే అన్నం. కొత్తవాళ్ళకు పాలే పట్టాలి. ఇది చెబితే రేపు అందరూ గుళ్ళకెళ్ళి నయమాను పేరు చెబుతారు."

"ఆ పిల్ల కాడ ఇప్పుడు పాలూ నేవు, అన్నమూ నేదు అయ్యగారూ."

ఆయన ఓపిగ్గానే చెప్పారు. ప్రవక్త అన్నది అనుమతి కాదు, ఊరికే వీడ్కోలు మాట అనేవాళ్ళు ఉన్నారట. కాదు, అనుమతే అనేవాళ్ళూ ఉన్నారట. పండితులు ఇప్పటికీ తేల్చలేదట. ఉండనీ. వాళ్ళు తేల్చకపోతే నాకేం కోపం లేదు. తేలని సంగతిని తేలిపోయినట్టు ఆ పిల్ల నెత్తిన పెట్టామే, దానికి నా కోపం. ఇద్దరి మాటా ఆమె ముందు పెట్టి, నువ్వే చదువుకో, ప్రార్థన చేసుకుని తేల్చుకో అనాల్సింది. అప్పుడు అదే ప్రార్థన అన్న మాటకు విలువ ఉండేది.

ఆయన చెడ్డవారని నేననను. తుఫాను వచ్చినప్పుడు మోకాళ్ళ లోతు నీళ్ళలో బియ్యం బస్తా మోసిన మనిషి. ఆయనకున్నది భయం. తలుపు కాస్త తెరిస్తే జనం జారిపోతారని భయం. నాది సిగ్గు. ఒకరి భయం, ఒకరి సిగ్గు కలిసి ఒక కాపురాన్ని తీశాయి.

అప్పలనరసమ్మ

తుమ్మపాల వెళ్ళాను. అప్పలనరసమ్మ వసారాలో మంచం మీద ఉంది.

"ఎవులు?"

"నానమ్మా, బైబిలమ్మని."

"ఇంకో కాలు మిగిలింది, దానికోసం వచ్చేవా?"

నిలబడే చెప్పాను. కూర్చోమనలేదు. "నీ కోడలు సెయ్యి ఒదల్నేదమ్మా. నాను ఒదిలించేను. పుస్తకంలో నేని మాట సెప్పేను."

"పుస్తకంలో ఏటుందో ఇప్పుడు తెలిసిందేటి?"

"ఇప్పుడే."

"నాకంటే కళ్ళు నేవు. నీకున్నాయి కదేటి? సదవనేదా?"

"సదవనేదు" అన్నాను. నూకరత్నం ముందు పెగలని మాట ఇక్కడ వచ్చింది.

ఆవిడ మంచం పట్టె మీద చేత్తో కొట్టింది. "కూకో. ఇప్పుడు సదువు. నాకూ ఇనిపించు."

అధ్యాయం మొదటినుంచీ అక్షరం అక్షరం చదివాను. ఒక్క మాట నోట్లోంచి తియ్యలేదు. నయమాను ఇంటికి వెళ్తూ రెండు గాడిదలు మోసేటంత మట్టి అడిగాడని కూడా అక్కడే ఉంది. అదీ నాకు కొత్తే.

"మన్నట్టుకెల్లేడా! ఎందుకూ?"

"ఆ మన్ను మీద నిలబడి మొక్కుకుందామని అయ్యుంటాది. నాకు సరిగ్గా తెల్దమ్మా."

"తెల్దని సెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందేటే నీకు" అని నవ్వింది. పడిన తరవాత ఆవిడ నవ్వడం అదే మొదలని కొడుకు తరవాత చెప్పాడు.

రాజు చెయ్యి ఆనుకునే చోటికి వచ్చేసరికి నవ్వు ఆపింది. మళ్ళీ చదవమంది. చదివాను.

"ఆ రాజుకి తెల్సా? తన కూడా ఒంగినోడు లోపల ఏరే దేవుణ్ణి తలుసుకుంటన్నాడని?"

"రాయనేదమ్మా."

"తెల్సే ఉంటాది. సెయ్యట్టుకుంటే తెల్దేటి? అది గుళ్ళోకొచ్చి మీ దేవుణ్ణి తలుసుకుంటాదని నాకు తెల్దా? నానేటి, దాన్ని మొక్కమన్నానా?" చెయ్యి గాల్లో తడిమి మంచం మీద పడేసింది. "రమ్మను దాన్ని. దణ్ణం ఎట్టమని అడగను. సెయ్యి మట్టుకు కావాల."

ఆ మాట నేనే మోసుకెళ్ళాను. నూకరత్నం అడిగిన ప్రశ్నకు జవాబు ముందు చెప్పాను: సదవనేదు. తరవాత అత్త మాట చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. బట్టలు సర్దుకుంటూ, "ఇక మీదట వారం వారం మా ఇంటికొచ్చి కొత్త అధ్యాయం సదవండమ్మా. నాను పక్కన కూకుంటాను. ఏలు తియ్యకండి" అంది. రిటైరయ్యేదాకా తియ్యలేదు. నాకు నిజంగా చదువు వచ్చింది ఆ వసారాలో. మధ్య మధ్యలో ముసలావిడ, "అదెందుకలాగ?" అని అడిగేది. సగం సార్లు తెలీదన్నాను. గుమ్మం ఎక్కనివ్వడం మానలేదు.

పళ్ళెం

మొన్న వచ్చిన అమ్మాయి ఆ జవాబుల పుస్తకాన్ని మా ఇంట్లో మరిచిపోయింది. తిరగేశాను. నయమాను ఉన్నాడు. ఏడు మునకల దగ్గర ఆగిపోయాడు. డిగ్రీ చదివిన పిల్ల చేతికి నా పాత బొమ్మల చుట్టనే ఇచ్చారు. అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే నా మాట ఒక్కటే. ఆ పుస్తకం కోసం మళ్ళీ రాకు, పొయ్యిలో పెట్టేశాను. బైబిల్ తీసుకుని రా, ఏడో మునక తరవాత నుంచి కలిసి చదువుదాం.

అలా చదివితే ఏం జరుగుతుందో కూడా తెలుసుకుని రా. ఏడాది తిరిగాక, కర్ర సాయంతో నడవగలిగిన అత్తను నూకరత్నం అమ్మోరి గుడికి తీసుకెళ్ళింది. ఆవిడ వంగింది, ఈమె వంగింది, ఇద్దరూ నిలబడి ఇంటికొచ్చారు. ఎవరో చూసి చెప్పారు. మా సంఘం పెద్దల కమిటీ కూర్చుంది. ఆ నాలుగు గీతలూ తీసి చదివాను. "నీకు అక్షరాలొచ్చి ఎన్నాళ్ళయింది, మాకు చెబుతావా?" అన్నాడొకాయన. అయ్యగారు తల దించుకున్నారు. మూడు నెలలు నూకరత్నాన్ని బల్లకు దూరం పెట్టారు. తప్పు చెప్పిన నాకు ఏ శిక్షా లేదు.

ఆ ఆదివారం నూకరత్నం రాదనుకున్నాను. వచ్చి నా పక్కనే కూర్చుంది. రొట్టె పళ్ళెం వరుసలో వచ్చింది. పట్టుకున్నాయన ఆమెను దాటించి నాకు అందించాడు. నేను తీసుకుని, రొట్టె ముట్టుకోకుండా పక్కావిడకు ఇచ్చేశాను. పక్కావిడ చెయ్యి ఆగిపోయింది. ముందు వరుసలోవాళ్ళు తిరిగి చూశారు.

"మీకేటయిందమ్మా?" అని నూకరత్నం చెవిలో గదమాయించింది. "తీసుకోండి. అందరూ సూత్తన్నారు."

"సూడనీ" అన్నాను.

మూడు నెలలూ చూశారు.